గోమతి కప్పిన నిప్పు

నా భార్య గోమతి పోయిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. చావింట్లో వెలిగించరు. అయినా ఆ పొయ్యి చల్లారలేదు. ముందటి సాయంత్రం వంట అయినాక ఆమె ఎప్పటిలాగే నిప్పులను ఒక మూలకు తోసి, నివురు కప్పి, పైన పిడక ముక్క పెట్టింది. తెల్లవారుతూనే వాంతులు పట్టుకున్నాయి. పొద్దు వాలకముందే అయిపోయింది. ఆమెను సాగనంపి వచ్చి, తడిబట్టలతో వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తే నివురు కింద ఇంకా ఎర్రగా ఉంది.

మర్నాడు ఆమె తల్లి మీనాంబాళ్ తన ఊరి నుంచి బండి కట్టించుకుని వచ్చింది. ఏడ్చింది. ఏడ్చి, లేచి, వంటింట్లోకి పోయి నివురు కదిపి చూసి ఇంకొక పిడక పెట్టింది. అప్పటినుంచి రోజూ అదే పని. పక్కింటివాళ్ళు తెచ్చిన కూడు మేము తింటున్న రోజుల్లో కూడా పొయ్యికి పిడక తప్పలేదు. "నా బిడ్డ ముట్టించిన నిప్పు" అని ఆమె ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో అనలేదు. నేనూ అడగలేదు.

అరవదేశంలో ఆండిపట్టికి తూర్పుగా, నల్లరేగడి నేలలో ఉన్న ఊరు మాది. నేను అక్కడ తిన్నె మీద బడి నడుపుతాను. నా పేరు సేతురామ. ఊరంతా తెలుగు మాట్లాడే నాయకర్లే. పత్తి, జొన్న, సజ్జ పండించుకుని బతుకుతారు. చిన్నప్పుడే నా ఎడమకాలు వంకరపోయింది. నాగలికి పనికిరానని మా నాయన నన్ను ఇసుకలో అక్షరాలు దిద్దడానికి కూర్చోబెట్టాడు. ఇప్పుడు నన్ను అందరూ వాద్యారు అంటారు.

మా కూతురు తంగానికి అప్పుడు నాలుగో ఏడు. తల్లిని తీసుకుపోయే వేళకు ఊరి పెద్ద అయిన పెద్దనాయకర్ భార్య కాళియమ్మ దాన్ని తన ఇంటికి ఎత్తుకుపోయింది. "మీ అమ్మ అవ్వ ఊరికి పోయిందమ్మా" అని చెప్పింది. ఆ పూటకు అది మంచి మాటే. మర్నాడు అవ్వ ఒక్కతే బండి దిగేసరికి ఆ మాట నిలబడలేదు.

"అవ్వా, నీవొస్తివి. అమ్మ ఏది?"

మీనాంబాళ్ కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఎనుము ఈనిందే. చూసుకునేదానికి ఆడనే నిలిచిపాయె."

"దూడ ఏం రంగు?"

"నలుపు."

"ఎనుము దూడ నలుపు కాక తెలుపుంటుందా, పిచ్చి అవ్వా" అని తంగం నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

కాళియమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "పిల్లకు తెలియాల కదా, సేతూ. మేమెవరం చెప్పినా బాగుండదు. తండ్రివి, నీవే చెప్పు. అంతమంది పిలకాయలకు చదువు చెప్పేవాడివి, నీకు మాటలకేం కరువు?"

చెప్తానన్నాను. కర్మలు కానివ్వమన్నాను. కర్మలు అయ్యాయి. మాఘం వెళ్ళబోతూ అరవల మాసి నెల వచ్చింది. తంగం పొద్దున లేచి వీధి గడప దాకా పోయి, బండ్లబాట వైపు చూసి, లోపలికి వచ్చి అంబలి తాగేది. ఆ చూపు ముగిసేదాకా నేను బడి పిల్లలకు ఇసుక చదును చేస్తూ ఉండేవాణ్ణి.

రోగం గోమతితో ఆగలేదు. ఒక వీధి విడిచి ఇంకో వీధికి పోయింది. పెద్దనాయకర్ కుప్పుసామి చిన్న కొడుకు పోయాడు. పెళ్ళి కుదిరినవాడు. తలారి సుడలైకి అన్న, అమ్మ ఇద్దరూ ఒకే వారంలో పోయారు. పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నా ఏరేవాళ్ళు లేరు. నా బడిలో ఇసుక మీద వేళ్ళగుర్తులు తగ్గాయి.

అప్పుడు పెద్దలు నల్ల కంబళి పరుచుకుని కూర్చున్నారు. మా వాళ్ళలో తీర్పయినా తీర్మానమైనా ఆ కంబళి మీదే. కుప్పుసామి నాకు వరసకు మామ. కొడుకు పోయినాక ఆయన గొంతు తగ్గిపోయింది, అందరూ దగ్గరికి జరిగి వినవలసి వచ్చింది.

"ఊరు విడుద్దాము" అన్నాడు.

ఊరు విడుపు మా పెద్దలు ఉత్తరాన్నుంచి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న పద్ధతి. రోగం ఊళ్ళో కాపురం పెట్టిందనుకున్నప్పుడు ప్రతి ఇంటి పొయ్యినీ నీళ్ళు పోసి ఆర్పేస్తారు. గొడ్డూ గోదా పిల్లా మేకా అందరూ పొలిమేర దాటి బయట ఉంటారు. అక్కడ కూడా నిప్పు ఉండకూడదు. ఊళ్ళో వంట లేదు, వెలుగు లేదు, మనిషి లేడు. ఇక్కడ నాకేముందని రోగం లేచిపోతుందట. అప్పుడు కట్టె మీద కట్టె చిలికి కొత్త నిప్పు పుట్టించి, దాన్ని ఇంటింటికీ తెచ్చుకుంటారు. పాత నిప్పు ఎక్కడైనా ఒక్కటి మిగిలితే కొత్తది పుట్టదంటారు.

చివరిసారి ఊరు విడిచింది కుంపిణీ దొరలు రాకముందు, పాళెగాండ్ల కాలంలో. అప్పటికి కుప్పుసామి పిల్లవాడు. అందుకని ఎవరికీ ఏదీ గట్టిగా తెలియదు.

"ఉప్పు తీసుకుపోవచ్చునా?"

"మా తాత వద్దన్నాడు."

"మీ తాత అన్నిటికీ వద్దన్నాడు. పెళ్ళికి కూడా వద్దన్నాడు, నీవు ఎట్ల వస్తివో."

"చుట్ట సంగతి చెప్పండి" అన్నాడు చివరన కూర్చున్న ముసలాయన. "నిప్పు లేకుంటే చుట్ట లేదు. చుట్ట లేకుంటే రోగం రాకముందే నేను పోతా."

ఎన్నో రోజుల తరవాత కొందరు నవ్వారు. కుప్పుసామి నవ్వలేదు గాని ఆపలేదు.

"ఒకటి మాత్రం నాకు బాగా గుర్తుండాది" అన్నాడాయన. "పొయ్యిని ఆ ఇంటి ఆడదే ఆర్పాల. ఇంకొక చెయ్యి పడితే ఆరినట్టు కాదు."

ఎవరో నా వైపు చూశారు. తరవాత అందరూ చూశారు. "వాద్యారింట్లో వాళ్ళ అత్త ఉండాది కదా" అన్నారొకరు.

"ఆమె వేరే ఇంటి మనిషి. ఇంటిపేరే వేరు" అన్నాడు కుప్పుసామి. నా వైపు తిరిగి, "ఆడబిడ్డ ఉండాది. తంగం" అన్నాడు. ఇంకేమీ అనకుండా నా మోకాలి మీద చెయ్యి వేసి తీసేశాడు. ఆ చెయ్యి అర్థం నాకు తెలిసింది. పిల్ల నీళ్ళు పోసేలోగా నేను చెప్పవలసింది చెప్పెయ్యాలి.

విడిచే రోజు పొద్దున సుడలై డప్పు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగాడు. బండ్లు కట్టారు. గంపల్లో కోళ్ళు, కుండల్లో నానవేసిన అటుకులు, సజ్జ అంబలి, బెల్లం, వేయించిన శనగలు. మంచానపడ్డవాళ్ళను మంచంతోనే మోశారు. నేను ఎద్దులకు పలుపులు సరిచేస్తుంటే తంగం బండి చుట్టూ తిరుగుతోంది.

"నాయనా, మనకూ డేరా ఉంటుందా?"

కిందటి ఏడు పన్ను లెక్కలు చూసే జమాబందికి వచ్చిన దొర మామిడితోపులో డేరాలు వేయించాడు. తంగం తల్లి చంకనెక్కి వాటిని చూసింది. ఆ రోజంతా ఇంట్లో దుప్పటి కింద కూర్చుని, ఎవరినీ రానివ్వక, "నేను దొర" అంది.

"చొప్పతో గుడిసె వేస్తాను" అన్నాను.

"గుడిసె కాదు. డేరా."

"గుడిసె మీద కంబళి కప్పుతాను. అప్పుడు డేరా అవుతుంది."

ఆలోచించి ఒప్పుకుంది. "ఎన్నాళ్ళుంటాము? అమ్మ వస్తే ఇంట్లో ఎవరూ ఉండరు కదా."

నేను పలుపు ముడి విప్పి మళ్ళీ వేశాను.

కాళియమ్మ ప్రతి ఇంటికీ పోయి పొయ్యిలు చూసుకుంటూ మా ఇంటికి వచ్చింది. చెంబుతో నీళ్ళు ముంచి తంగం చేతికిచ్చింది. "రా బంగారూ. ఇట్ల వంచు. బుస్సుమంటుంది, చూడు తమాషా."

తంగం చెంబు కింద పెట్టి చేతులు వెనక్కి దాచుకుంది. "పొయ్యిలో నీళ్ళు పోస్తే అమ్మ కొడుతుంది."

అది నిజమే. అంతకుముందొకసారి ఆటలో పొయ్యిలోకి నీళ్ళు ఒలికిస్తే గోమతి దాని చేతి మీద కొట్టింది. గోమతి కొట్టింది ఆ ఒక్కసారే. పొయ్యి కూడు పెట్టే తల్లి, దాని మొహాన నీళ్ళు కొడతారా అని చెప్పి, తరవాత తనే ఏడ్చి, పిల్లకు బెల్లం ముక్క పెట్టింది.

కాళియమ్మ తలెత్తి నన్ను చూసింది. చెప్పవలసిన చోటు అదే. బయట బండ్లు కదులుతున్నాయి. ఎద్దుల మెడల్లో గంటలు, గంపల్లో కోళ్ళు, ఎవరో ఎవరినో తిడుతున్న కేకలు. నేను నోరు తెరిచాను. "తంగం" అన్నాను. అది నన్ను చూసింది. ఆ కళ్ళలో భయం అమ్మ కొడుతుందని తప్ప ఇంకేమీ లేదు.

"పిల్లను బెదరగొట్టవద్దండి" అంది మీనాంబాళ్ వెనకనుంచి. "మీరు పోయి బండి చూసుకోండి. నేను మెల్లగా చెప్పి దాని చేత పోయిస్తా."

నాకు ఒక బరువు దిగినట్టయింది. కాళియమ్మకు ఇంకా చాలా ఇళ్ళున్నాయి. వెళ్ళిపోయింది. నేను బండి దగ్గరికి పోయాను. కొంచెంసేపటికి మీనాంబాళ్ మూటలతో వచ్చింది, పిల్ల ఆమె కొంగు పట్టుకుని వచ్చింది. "అయ్యిందా?" అన్నాను. "అయ్యింది" అంది. లోపలికి పోయి చూశాను. పొయ్యి తడిగా, బూడిద ముద్దగా ఉంది. తలుపుకు ముళ్ళకంప అడ్డం పెట్టి బయలుదేరాము.

ఓడ అని మేమనే చిన్న వాగు దాటితే మా పొలిమేర అయిపోతుంది. ఇసుకలో సన్నగా నీళ్ళు పారుతున్నాయి. తంగం బండి దిగి నడిచి దాటుతానని పేచీ పెట్టింది. చీలమండల దాకా తడుపుకుని, అవతల గట్టెక్కి, వెనక్కి తిరిగి ఊరిని చూసి, "పొగ లేదు" అంది. ఆ మాటతో మిగతావాళ్ళు కూడా తిరిగి చూశారు. ఏ ఇంటి మీదా పొగ లేదు. నేను పుట్టినప్పటినుంచి ఆ ఊరిని అట్లా చూడలేదు.

ఎర్రగట్టు మీద బండ్లు వరసగా విప్పారు. మగవాళ్ళు జొన్నచొప్ప కట్టలు దించారు. నాకు కాలు సరిగా లేనందున సుడలై వచ్చి గుంజలు పాతిపెట్టాడు. చొప్ప పేర్చడం నేనే చేశాను. తంగం ఒక్కొక్క చొప్పదంటూ ఈడ్చుకొచ్చి ఇచ్చింది. కంబళి కప్పాను. అది లోపలికి పోయి, బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయి, పడుకుని, లేచి, ఎదురు బండి కింద కూర్చున్న ముసలాయనతో, "మాది డేరా. మీది బండి" అని చెప్పింది.

"అవునమ్మా, నీవు దొరసానివి" అన్నాడాయన, వెలగని చుట్ట నోట్లో నములుతూ. "కలెక్టరుతో చెప్పి నాకు ఒక్క నిప్పుకణిక ఇప్పించు."

"నిప్పు ఉండకూడదట" అంది తంగం గట్టిగా. మీనాంబాళ్ దాన్ని లోపలికి పిలిచింది.

సాయంత్రం చల్లటి అంబలి తాగాము. పొద్దు మునుగుతుంటే కొండల మీదినుంచి చలి దిగింది. దీపం లేదు, మంట లేదు. మామూలుగా అంతమంది ఒకచోట ఉంటే పాటో కథో ఉంటుంది. ఆ రోజు అందరూ అలసిపోయి ఉన్నారు. ఎవరి గుంపులో వాళ్ళు, ఎవరు లేరో వాళ్ళను లెక్కపెట్టుకుంటున్నట్టు కూర్చున్నారు. పిల్లలకు మాత్రం పండగ. చీకటి పడేదాకా బండ్ల కింద దూరి ఆడారు. తంగం ఒళ్ళంతా ఎర్రమన్నుతో వచ్చి నా ఒడిలో పడింది.

"నాయనా, మన ఇంటికంటే ఇదే బాగుండాది."

"చలిగా లేదా?"

"అవ్వ దగ్గర వెచ్చగా ఉండాది." ఆవులించింది. "రేపు పోయి అమ్మను పిలుచుకొద్దాము. అమ్మ డేరా చూడలేదు కదా."

చూసింది, తోపులో దొర డేరా నిన్ను ఎత్తుకుని చూపించింది ఆమే అని నేను చెప్పబోయాను. అది చెబితే తరవాతి మాట కూడా చెప్పాలి. "నిద్రపో" అన్నాను. అవ్వ దగ్గరికి పోయి పడుకుంది. అవ్వ దగ్గర వెచ్చగా ఉందంటే కంబళి వెచ్చదనమే అనుకున్నాను.

మర్నాడు పొద్దెక్కగానే నిప్పు చిలకడం మొదలుపెట్టారు. రావి పలకలో గుంట చేసి, అందులో జమ్మి కట్టె నిలిపి, తాడు చుట్టి, ఇటు ఇద్దరు అటు ఇద్దరు మజ్జిగ చిలికినట్టు లాగారు. గుంట పక్కన కొత్త పత్తి పింజలు పెట్టుకుని కుప్పుసామి వంగి కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. కట్టె కీచుమంది. సన్నటి పొగ వచ్చింది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. పొగ పోయింది.

మనుషులు మారారు. మళ్ళీ లాగారు. మళ్ళీ పొగ, మళ్ళీ ఏమీ లేదు. తాడు తెగింది. ఇంకొక తాడు తెచ్చారు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ వేకువజామున మంచు బాగా కురిసింది, కట్టె చెమ్మగా ఉందని నాకు తోచింది. ఇంకా కొందరికి తోచే ఉంటుంది. కాని ఎవరూ ఆ మాట అనలేదు.

"పాత నిప్పు ఎక్కడో ఉండాది" అంది ఒక గొంతు.

"ఎవరింట్లో?"

"మా ఇంట్లో నేనే పోసినా. కాళియమ్మక్క చూసింది."

"మాది కూడా చూసింది."

"నన్నెందుకు చూస్తారు? నా చుట్ట చూడండి, ముట్టించి ఉందేమో" అన్నాడు ముసలాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరినొకరు చూసుకునే చూపులు మారిపోయాయి. కుప్పుసామి నుదుటి చెమట కళ్ళలోకి దిగితే తుడుచుకుని, చుట్టూ చూసి, మళ్ళీ పలక మీదికి వంగాడు.

తంగం జనం కాళ్ళ మధ్యనుంచి దూరి ఆయన పక్కకు పోయి నిలబడింది. ఆయన్ను చూసి దానికి జాలేసినట్టుంది. భుజం మీద చెయ్యి వేసింది.

"తాతా, ఏడవద్దు. నిప్పు కావాలంటే మా అవ్వ దగ్గర ఉండాది. నేను తెచ్చిస్తా."

తాడు లాగేవాళ్ళు ఆగారు.

మా గుడిసె వెనక బోర్లించిన గంప ఉంది. దాన్ని సుడలై ఎత్తాడు. కింద పాతచట్టి, చట్టి మీద పెంకు మూత. మూత తీస్తే నివురు, నివురు మీద సగం కాలిన పిడక. పొయ్యిలో నీళ్ళు పోసేముందు మీనాంబాళ్ నిప్పులన్నీ ఎత్తి చట్టిలో పెట్టుకుంది. ఉత్త బూడిద మీద తనే నీళ్ళు చల్లింది. పిల్లకు చలి అంటే ఆ చట్టి దగ్గర చేతులు కాచింది.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేదేమో. మీనాంబాళ్ చట్టిని ఒడిలోకి తీసుకుని నేల మీద కూర్చుంది.

"నా బిడ్డ చేత్తో కప్పిన నిప్పు ఇది" అంది. "దాని బట్టలు ఇచ్చేసినారు, చాప కాల్చేసినారు. రోగం అంటుకుంటుందని అన్నీ కాల్చేసినారు, నేను ఒక్క మాట అన్నానా? ఇది ఒక్కటే మిగిలింది. నేను మీ ఊరిదాన్ని కాను. మీ ఇంటిపేరు నాకు లేదు. దీన్ని తీసుకుని మా ఊరికి పోతా. ఇప్పుడే నడిచి పోతా. మీ పొలిమేర దాటిన నిప్పుతో మీకేం పని?"

"అదీ సరే కదా" అన్నారు ఇద్దరు ముగ్గురు. పెద్దలు అక్కడే నిలబడి గుసగుసలాడుకున్నారు. పోనివ్వండి, దారి వదలండి అన్నారు కొందరు. కుప్పుసామి మెల్లగా వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పో, తల్లీ. ఎవరం ఆపము. నీ కొడుకు ఇంట్లో పసిపిల్లలున్నారు కదా?"

ఆమె తల ఊపింది.

"ఈ నిప్పు మీద మా ఊరి రోగం ఉండాదని మేము ఇంత దూరం వస్తిమి. అది నిజమో కాదో నాకు తెలియదు. నీకు తెలుసునా? తెలియకుండా దీన్ని వాళ్ళ పొయ్యిలో పెడతావా?"

మీనాంబాళ్ చట్టిని గట్టిగా పట్టుకుంది. అప్పుడు కాళియమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"పోయే రోజు వేణ్ణీళ్ళు కావాలన్నాడు మావాడు. ఆ పొయ్యి మీదే కాచినా. నిన్న దాని మీద నేనే నీళ్ళు పోసినా వదినా. పోసి వచ్చి, నీ ఇంటికి వచ్చినా. ఈడ ఎవరింట్లో పోయలేదు చెప్పు?"

మీనాంబాళ్ పట్టు వదిలింది. చట్టిని నేల మీద పెట్టింది. "ఎవరో ఒకరు పొయ్యండి" అంది. "నా చేత కాదు."

"నీవు పోయకూడదు. మేమూ పోయకూడదు" అంది కాళియమ్మ.

ఎవరో ఓడ నీళ్ళు చెంబుతో తెచ్చారు. తంగం ముందు పెట్టారు. తను మంచిపని చేయబోయి ఏదో పాడుచేసిందని దానికి అర్థమైంది. ఇంతమంది ఎందుకు చూస్తున్నారో తెలియదు. చేతులు మళ్ళీ వెనక్కి పోయాయి.

"నాయనా, అమ్మ కొడుతుంది."

నేను కాలు చాపి దాని ఎదురుగా కూర్చున్నాను. ఊరంతా నన్ను చూస్తోంది. అందులో సగంమంది పిల్లలకు నేను మాట కూర్చడం నేర్పాను. ఏది ముందు చెప్పాలి, ఏది తరవాత చెప్పాలి, ఏ మాట దగ్గర ఆగాలి అని బెత్తం పట్టుకుని నేర్పాను. చెప్పవలసింది చిన్న మాట. ఎంత వెతికినా దానికంటే చిన్నది లేదు. దాన్ని నోటిదాకా తెచ్చుకున్నాను.

"అమ్మ కొట్టదు" అన్నాను.

"నీకెట్ల తెలుసు? అడిగినావా?"

"అడిగాను."

"ఏమన్నది?"

కాళియమ్మ తల దించుకుంది. మీనాంబాళ్ నా వైపు చూసింది. ఆ చూపులో నిందా లేదు, దయా లేదు. ఏమి చెప్తానో వినాలని ఆమె కూడా ఎదురుచూస్తున్నట్టుంది.

"పొయ్యమంది" అన్నాను.

తంగం నా మొహాన్ని కాసేపు చూసింది. నమ్మింది. చెంబు రెండు చేతులతో ఎత్తింది. బరువైంది, కొంచెం ఒలికింది. వంచింది. చట్టి బుస్సుమంది. బూడిద లేచి దాని మొహం మీద, నా చొక్కా మీద పడింది. అది ఉలికిపడి వెనక్కి దూకి, ఏమీ కాలేదని చూసుకుని, ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు ఆ గట్టు మీద ఒక్కటే వినబడింది. చెంబులో మిగిలిన నీళ్ళు కూడా పోసేసింది. మీనాంబాళ్ లేచి ఓడ వైపు నడిచిపోయింది. ఎవరూ వెంట పోలేదు.

ఎండ ముదిరాక కొత్త నిప్పు పుట్టింది. పాత నిప్పు పోయింది గనుక పుట్టిందన్నారు అందరూ. కట్టె ఆరింది గనుక పుట్టిందని నేననుకున్నాను. అనుకుని ఊరుకున్నాను. పత్తి పింజలో ఎర్రచుక్క కనబడగానే కుప్పుసామి దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని ఊదాడు. మంట లేచినప్పుడు ఆయన ఏడ్చాడు. ముసలాయన చుట్ట ముట్టించుకోవడానికి ముందుకొస్తే, "సామికి ముందు" అని ఆడవాళ్ళు అరిచారు.

మరి రెండు పొద్దులు అక్కడే ఉండి, కొత్త కుండల్లో పొంగలి వండుకుని తిని, నిప్పు పంచుకుని తిరిగి వచ్చాము. తంగం గుడిసె విప్పనివ్వలేదు. విప్పకుండా వదిలేసి వచ్చాను. ఇంటి తలుపుకు పెట్టిన ముళ్ళకంప తీసి, తడిసి గట్టిపడ్డ బూడిద గోకి పారేసి, పొయ్యి అలికాను. కాళియమ్మ తెచ్చిన నిప్పుతో, తంగం చేతిలో పత్తికట్టె పెట్టి, ఆ చెయ్యి నేను పట్టుకుని ముట్టించాము. మీనాంబాళ్ గడప బయటే కూర్చుంది. ఆ రోజు మా ఇంట్లో కూడు తినలేదు. మర్నాడు బండి కట్టించుకుంది. ఎక్కేముందు తంగం తల దువ్వి జడ వేసింది. నాతో, అల్లుణ్ణి పిలిచే అరవ మాటతో, "మాపిళ్ళే, పిల్లకు ఎండాకాలంలో మజ్జిగ మానవద్దు" అంది. అంతే.

బండి కదిలాక తంగం వెంట పరిగెత్తి అరిచింది. "అవ్వా, దూడ పాలు మానగానే అమ్మను పంపించు!"

అవ్వ వెనక్కి చూడకుండా చెయ్యి ఊపింది.

ఆ తరవాత రోగం తగ్గింది. కొందరు జబ్బుపడి బతికారు, తరవాత ఎవరికీ రాలేదు. పత్తి ఆలస్యంగా ఏరారు. బడికి పిల్లలు వచ్చారు. తంగం కూడా వచ్చి ఇసుక ముందు కూర్చుంటోంది. దానికి ఓపిక తక్కువ. అక్షరం సగం దిద్ది లేచిపోతుంది. వంట నేను చేస్తాను. సాయంత్రం నిప్పుల మీద నివురు కప్పేటప్పుడు అది పక్కన గొంతుక్కూర్చుని చూస్తుంది. నీళ్ళు పోస్తే అమ్మ ఏమీ అనలేదు కదా అంటుంది. అనలేదు అంటాను. ఇంకా ఎన్నాళ్ళకు వస్తుందని అడుగుతుంది. ఏదో ఒకటి చెబుతాను.

ఎండాకాలం సగమయింది. గోమతి ఇక రాదని తంగానికి నేను ఇంకా చెప్పలేదు.